మన పల్లె పాటలు, పాత రికార్డులు ఆన్‌లైన్‌ల పెట్టుడు: కాపీరైటు ఎక్కడ అడ్డొస్తది?

దేవరకొండ దరువు:
నల్లగొండ, పాలమూరు దిక్కు జానపద చానళ్లు నడిపేటోళ్లకు ఈ నడుమ ఒకే తీరు చిక్కులు వస్తున్నయి. అన్నీ ఒక్క దగ్గర తేల్చుకుందాం. ఊరి ఆడోళ్లతోని పాడించి, స్టూడియోల మిక్సింగ్ చేయించి యూట్యూబ్‌ల పెట్టిన పాటను ఎవరో ఎంపీ3 చేసి టెలిగ్రామ్‌ల పంచుతరు. అదే పాటను ఇంకో కంపెనీ కూడ పాడించి ఉంటే, వాళ్ల దిక్కు నుంచి మన వీడియో మీద 'ఈ ధ్వని మాది' అనే క్లెయిమ్ పడ్తది. "జానపదం కదా, ఎవ్వరిదీ కాదు" అంటే సాఫ్ట్‌వేర్‌కు అర్థం కాదు. ఇగ పాత గ్రామఫోన్ ప్లేట్లు, క్యాసెట్లు దాచుకున్నోళ్లు డ్రైవ్‌ల పెట్టి లింకు ఇద్దామంటే భయపడ్తున్నరు. చట్టం తెలిసినోళ్లు, స్టూడియో పని తెలిసినోళ్లు సెక్షన్లతోని చెప్పుండ్రి.

నల్లగొండ వకీలు:
ముందు ఒక్క పాటలో ఎన్ని హక్కులు ఉన్నాయో విడదీయాలి. కాపీరైట్ చట్టం, 1957 లెక్కలో సాహిత్యం ఒక రచన, బాణీ ఇంకొక రచన, రికార్డింగ్ మూడోది. ఇవి గాక పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు ప్రదర్శకుల హక్కు వేరే ఉంది. సాహిత్యానికీ బాణీకీ రక్షణ ఆ మనిషి బతికినంత కాలం, పోయిన తర్వాతి ఏడాది నుంచి ఇంకో 60 ఏళ్లు. రికార్డింగ్‌కు విడుదలైన తర్వాతి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు. ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు.

తరతరాలుగా నోటి మీద నడిచొచ్చిన నాట్ల పాట, బతుకమ్మ పాట, ఉయ్యాల పాట ఉంటే దాని సాహిత్యం మీద, బాణీ మీద ఎవరికీ కాపీరైటు లేదు. మీరు ఖర్చు పెట్టి, బాధ్యత తీసుకుని పాడిస్తే ఆ రికార్డింగ్ మీది. ఇంకో కంపెనీ వేరే గొంతులతో అదే పాట పాడించుకుంటే ఆ రికార్డింగ్ వాళ్లది. సెక్షన్ 14(ఇ) ఇచ్చే హక్కు ఆ ధ్వనిని ఉన్నదున్నట్టు ఎక్కించుకోకుండా ఆపడానికే. అచ్చం అట్లనే వినపడేలా మళ్లీ పాడినా రికార్డింగ్ ఉల్లంఘన కాదు. జానపదం విషయంలో రెండు కంపెనీలు ఒకరినొకరు ఆపలేరు.

చాలామంది దెబ్బ తినేది ఇంకోచోట. ధూంధాం వేదికల మీద పాడిన ఉద్యమ పాటల్లో చాలావాటికి రాసినవాళ్లు ఎవరో అందరికీ తెలుసు, వాళ్లలో ఎంతోమంది మన మధ్యనే ఉన్నారు. పల్లె బాణీలో ఉన్నాయి కాబట్టి జానపదం అనుకుని వాడుకుంటే సాహిత్యం హక్కు ఉల్లంఘనే. పాత పల్లవి ఉంచి చరణాలు కొత్తగా రాస్తే ఆ చరణాలు రాసినవాళ్లవి. మధ్యలో వచ్చే మ్యూజిక్ బిట్లు కొత్తగా కట్టితే అవి కట్టినవాళ్లవి. పల్లవి మాత్రం అందరిదే.

కిన్నెర తీగ:
సార్, పాట పాతదేనని రుజువు ఏం పెట్టాలె? అవతలోళ్లు "మా రచయిత రాసిండు" అంటరు.

నల్లగొండ వకీలు:
తేదీ ఉన్న అచ్చు రుజువు అన్నిటికన్నా గట్టిది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1950ల నుంచే జానపద గేయాల మీద పరిశోధన జరిగింది. పాత సంకలనాలు, సిద్ధాంత గ్రంథాలు పెద్ద గ్రంథాలయాల్లో దొరుకుతాయి. ఆ పాట ఉన్న పేజీ, ముద్రణ సంవత్సరం ఉన్న మొదటి పేజీ రెండూ ఫొటో తీసి పెట్టుకోండి. అచ్చులో దొరక్కపోతే వేర్వేరు మండలాల్లోని పెద్దమనుషులు అదే పాటను కొద్ది మార్పులతో పాడుతున్న వీడియోలు పనికొస్తాయి. ఒకే పాటకు ఊరికో చరణం ఉండడం నోటి మీద నడిచిందనడానికి మంచి గుర్తు.

మిక్సింగ్ టేబుల్:
వకీల్ సాబ్ చెప్పింది సరే. కాని మన చానళ్ల మీద పడే క్లెయిమ్‌లల్ల చాలా వాటికి పాట కారణం కాదు, లూపు (ముందే రికార్డు చేసి అమ్మే, మళ్లీ మళ్లీ మోగే వాద్యం ముక్క) కారణం. రిథమ్ ప్యాక్ కొంటం, అందుల డప్పు లూపు గాని, ఫ్లూట్ ముక్క గాని ఉన్నదున్నట్టు పాటల పెడ్తం. ఆ ప్యాక్ లైసెన్సు వందల మందికి ఇస్తరు. వాళ్లల్ల ఒకరు తమ పాటను డిస్ట్రిబ్యూటర్ (పాటలను స్టోర్లకు, యాప్‌లకు పంపేటోళ్లు) ద్వారా కంటెంట్ ఐడీల (ధ్వనిని గుర్తుపట్టి క్లెయిమ్ వేసే యూట్యూబ్ సాఫ్ట్‌వేర్) ఎక్కిస్తరు. ఇగ ఆ లూపు ఎక్కడ మోగినా క్లెయిమ్ వాళ్ల పేరు మీద పడ్తది. ఇది మనమూ చెయ్యొద్దు. పాటల ఇట్ల నలుగురికీ లైసెన్సు ఇచ్చిన లూపు ఒక్కటి ఉన్నా, డిస్ట్రిబ్యూటర్ ఫారంల కంటెంట్ ఐడీ గడి టిక్కు పెట్టకుండ్రి. స్టోర్లకు, యాప్‌లకు పంపుకోవచ్చు, గుర్తింపు డేటాబేసుల మాత్రం వద్దు.

దీనికి మందు ఏందంటే డప్పు, రమ్‌డోలు, తాళాలు ఊర్లనే లైవ్‌గ తీసుకునుడు. జత మైకులు చాలు. ఒకటి డప్పు మొహానికి రెండడుగుల దూరంల, ఒకటి గొంతులకు. ధ్వని మనదే అయితది, క్లెయిమ్ పడే జాగ ఉండదు. ట్రాకులు విడివిడిగ, 24 బిట్ వేవ్ ఫైళ్లుగ, ప్రాజెక్ట్ ఫైలుతో సహా దాచిపెట్టుకోవాలె. రేపు గొడవైతే విడి ట్రాకులు ఎవరి దగ్గర ఉన్నయో వాళ్ల మాటకు బలం.

ఇంకో మాట. స్టూడియోకు కిరాయి కట్టి రికార్డు చేస్తే రికార్డింగ్ స్టూడియోది కాదు. చట్టంల నిర్మాత అంటే చొరవ, బాధ్యత తీసుకున్న మనిషి. కాని స్టూడియోవాళ్లే మ్యూజిక్ కట్టిస్తే ఆ మ్యూజిక్ హక్కు రాసియ్యకపోతే మీకు రాదు. బిల్లు మీద "మ్యూజిక్, మిక్సింగ్" అని రాస్తే సరిపోదు.

దేవరకొండ దరువు:
క్లెయిమ్ పడ్డంక ఏం చెయ్యాలె, రోజుల లెక్కతోని చెప్పన్నా.

మిక్సింగ్ టేబుల్:
క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు, ఇది మనసుల పెట్టుకోవాలె. క్లెయిమ్ పడితే పైసలు అవతలోళ్లకు పోతయి, చానల్‌కు దెబ్బ ఉండదు. స్ట్రైక్ అంటే వీడియో తీసేసి చానల్ మీద వేసే మచ్చ. యూట్యూబ్ స్టూడియోల వీడియో పక్కన "కాపీరైట్" మీద నొక్కి, ఏ సెకండు నుంచి ఏ సెకండు దాకా, ఏ పాట పేరు మీద పడ్డదో ముందు చూడాలె. రెండు పాటలూ పక్కపక్కన పెట్టి వినుండ్రి. పోలిక గొంతుల ఉన్నదా, లూపుల ఉన్నదా తేలుతది.

మన తప్పు లేదనుకుంటే డిస్ప్యూట్ (అభ్యంతరం) పెట్టాలె. క్లెయిమ్ పడ్డ 5 రోజుల లోపల పెడితే మొదటి రోజు నుంచి వచ్చే పైసలు ఎవరికీ పోకుండ ఆగుతయి. అవతలోళ్లకు 30 రోజుల టైము. జవాబు రాకపోతే క్లెయిమ్ పోతది. కాదంటే అప్పీలు పెట్టొచ్చు, దానికి వాళ్లు 7 రోజులల్ల చెప్పాలె. ఇక్కడ జాగ్రత్త. అప్పీలు మీద వాళ్లు వీడియో తీసేసే నోటీసు ఇస్తే స్ట్రైక్ పడ్తది. 90 రోజులల్ల మూడు స్ట్రైకులు పడితే చానలే పోతది. స్ట్రైక్ మీద కౌంటర్ నోటిఫికేషన్ (తీసేసుడు తప్పని యూట్యూబ్‌కు రాసిచ్చే జవాబు) ఇస్తే, 10 పని దినాలల్ల వాళ్లు కోర్టుకు పోయినట్టు చూపియ్యకపోతే వీడియో తిరిగొస్తది. కాని అందుల మన అసలు పేరు, అడ్రస్ రాయాలె, అది అవతలోళ్లకు పోతది. అమెరికా కోర్టు పరిధికి ఒప్పుకున్నట్టు కూడ సంతకం చేసినట్టే. రుజువులు చేతుల లేకుండ ఆ మెట్టు ఎక్కొద్దు.

డిస్ప్యూట్ డబ్బాల కోపంతోని రాయకుండ్రి. "సాహిత్యం, బాణీ సంప్రదాయ జానపదం. రికార్డింగ్ మేమే ఫలానా తేదీన, ఫలానా ఊర్ల చేసినం. గాయకుల అంగీకార పత్రాలు, విడి ట్రాకులు ఉన్నయి." ఇంతే చాలు.

గ్రామఫోను పెట్టె:
పాత ప్లేట్ల సంగతికి వస్తా. లెక్క ఇట్లా వేసుకోవాలి: 1964లో విడుదలైన రికార్డుకు 1965 జనవరి 1 నుంచి 60 ఏళ్లు, అంటే 2024 డిసెంబరు 31తో రికార్డింగ్ హక్కు అయిపోయింది. 1965లో విడుదలైనదైతే ఇంకో ఏడాది కలుపుకోండి. కానీ ఇది ధ్వని వరకే. ఆ పాట రాసినాయన 1980లో పోయి ఉంటే సాహిత్యం మీద హక్కు 2040 చివరి దాకా నడుస్తుంది. బాణీ కట్టినాయనదీ విడిగా చూడాలి. పాత సినిమా పాటల విషయంలో చాలామంది ధ్వని గడువు చూసి ఆగిపోతారు. జానపదం, సంప్రదాయ కీర్తన, పద్యం ఉన్న ప్లేట్లు అయితే ఈ చిక్కు తక్కువ.

సంవత్సరం ఎట్లా తెలియాలి అంటే లేబుల్ మీది క్యాటలాగ్ నంబరు, లోపలి అంచున గీసి ఉండే మ్యాట్రిక్స్ నంబరు రెండూ రాసుకోవాలి. కంపెనీల పాత జాబితాలతో పోల్చితే విడుదల కాలం దొరుకుతుంది. లేబుల్‌ను ఏటవాలు వెలుతురులో ఫొటో తీస్తే మాసిన అక్షరాలు కూడా కనిపిస్తాయి.

ప్లేటును మీరే ఎక్కించండి. ఏదో కంపెనీ శుభ్రం చేసి ఈ మధ్య విడుదల చేసిన ఫైలును తీసుకుని "పాతదే కదా" అని పంచితే, ఆ కొత్త ప్రతి మీద వాళ్లు గొడవ పెట్టే అవకాశం ఉంది. 78 ప్లేట్లకు (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) మామూలు ఎల్పీ ముల్లు పెట్టొద్దు, గాడి వెడల్పు వేరు. 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ముల్లు కావాలి. లేకపోతే ముల్లు గాడి అడుగున జారుతూ గరగర తప్ప గొంతు రాదు. ఎక్కించిన మొదటి ప్రతిని శుభ్రం చేయకుండా ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించే ఫైలు) రూపంలో దాచండి, చప్పుడు తీసింది వేరే ఫైలుగా ఉంచండి.

ఇంకొకటి. మన దగ్గర గడువు తీరినా అమెరికాలో తీరకపోవచ్చు. అక్కడ 1957 నుంచి 1972 ఫిబ్రవరి 14 దాకా వచ్చిన రికార్డింగులకు రక్షణ 2067 ఫిబ్రవరి 15 దాకా ఉంది. 1947 నుంచి 1956 వాటికి విడుదలైనప్పటి నుంచి 110 ఏళ్లు. సర్వర్లు అక్కడివి, కంపెనీలు అక్కడివి. అందుకే ఇక్కడ స్వేచ్ఛగా ఉన్న ప్లేటును యూట్యూబ్‌లో పెట్టినా తీసేసే నోటీసు వస్తే ఆశ్చర్యపోవద్దు.

జడ్చర్ల సెల్ పాయింట్:
ట్రాక్టర్లోళ్లు, ఆటోలోళ్లు వచ్చి పెన్ డ్రైవ్ ఇచ్చి "పాటలు ఎక్కియ్యి" అంటరు. ప్రతి సెంటర్ల ఇదే నడుస్తది. ఇది నిజంగ కేసు అయ్యే సంగతేనా?

నల్లగొండ వకీలు:
అవుతుంది తమ్మీ. పైసలు తీసుకుని కాపీలు చేసివ్వడం వ్యాపారమే. సెక్షన్ 63 కింద శిక్ష 6 నెలల నుంచి 3 ఏళ్లు, జరిమానా ₹50,000 నుంచి ₹2 లక్షలు. రెండోసారి పడితే సెక్షన్ 63ఏ కింద కనీసం ఏడాది జైలు, ₹లక్ష జరిమానా. ఎస్‌ఐ, ఆ పై అధికారి వారంటు లేకుండానే కాపీలను, కాపీ చేసే యంత్రాన్ని, అంటే మీ షాపు కంప్యూటర్ను, జప్తు చేయవచ్చని సెక్షన్ 64 చెబుతుంది. ఈ నేరం కాగ్నిజబుల్ (వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగేది), నాన్ బెయిలబుల్ (బెయిలు హక్కుగా రానిది) అని నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు 2022 మేలో తేల్చింది. ఏడేళ్ల లోపు శిక్ష కాబట్టి మామూలుగా భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద ముందు నోటీసు ఇస్తారు. అది వచ్చాక పోకుండా ఉండొద్దు.

షాపులో చేయగలిగింది: గిరాకీ ఫోన్లో పాటల యాప్ వేసిచ్చి, ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్ ఎట్లా పెట్టుకోవాలో చూపి, ఆ పనికి చార్జి తీసుకోవడం. ఫోన్‌ను బ్లూటూత్‌తో గాని, ఆక్స్ తీగతో గాని ట్రాక్టర్ సెట్టుకు కలిపి ఇవ్వండి. యాప్ ఫైళ్ల తాళం విప్పి ఎంపీ3 చేసివ్వడం వద్దు, తాళం విప్పడానికి సెక్షన్ 65ఏ వేరే ఉంది, 2 ఏళ్ల దాకా శిక్ష.

కృష్ణా తీరం:
అమ్మకం లేకుండా ఊరికే పంచితే? 30 సెకండ్ల లోపు వాడితే? "హక్కులు యజమానివే" అని కింద రాస్తే?

నల్లగొండ వకీలు:
30 సెకండ్లు, 8 సెకండ్లు అనే అంకె చట్టంలో ఎక్కడా లేదు. కింద రాసే వాక్యానికి విలువ లేదు. పైగా వేరేవాళ్లదని తెలిసే పెట్టినట్టు మీ రాత అవుతుంది.

సెక్షన్ 52(1)(ఏ) సొంత వాడకానికి, విమర్శకు, వార్తలకు న్యాయమైన వినియోగాన్ని ఒప్పుకుంటుంది. కొన్న సీడీని మీ ఫోన్లో ఎక్కించుకుని వినడం అందులోకి వస్తుంది. బహిరంగ టెలిగ్రామ్ చానల్, "లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు" అని పెట్టిన డ్రైవ్ ఫోల్డరు రావు. సెక్షన్ 2(ఎఫ్ఎఫ్) ప్రకారం ప్రజలకు అందుబాటులో పెట్టడమే ప్రసారం, ఒక్కరు కూడా దించుకోకపోయినా సరే. లాభం లేకుండా చేస్తే జడ్జి కారణాలు రాసి శిక్ష తగ్గించవచ్చు, నేరం మాత్రం పోదు.

మిక్సింగ్ టేబుల్:
టొరెంట్ (ఫైలును ఒకరి కంప్యూటర్ నుంచి ఇంకొకరు ముక్కలుగ దించుకునే పద్ధతి) గురించి కూడ చెప్పాలె. అందుల దించుకునేటప్పుడే నీ దగ్గరికి వచ్చిన ముక్కలు వేరేటోళ్లకు పోతుంటయి. "నేను డౌన్‌లోడ్ ఒక్కటే చేసిన" అనే మాట అక్కడ నిలవదు. నీ ఐపీ అడ్రస్ ఆ గుంపుల ఉన్న ప్రతి ఒక్కరికీ కనపడ్తది.

పాలమూరు కోచింగ్:
పాటలు కాదు కానీ ఇదే ముచ్చట. గ్రూప్స్, కానిస్టేబుల్ పరీక్షల నోట్సు పీడీఎఫ్‌లు గ్రూపుల్లో తిరుగుతుంటాయి. అడ్మిన్‌కు ఏమన్నా అయితదా?

నల్లగొండ వకీలు:
కోచింగ్ పుస్తకాలు పంచిన చానళ్ల వివరాలు ఇవ్వమని ఢిల్లీ హైకోర్టు 2022లో టెలిగ్రామ్‌ను ఆదేశించింది. పేరు కనపడదు కదా అనే ధైర్యం పనికిరాదు. కోర్టు తీర్పులు, గెజిట్‌లో అచ్చయిన విషయాలు మాత్రం పంచుకోవచ్చు, సెక్షన్ 52(1)(క్యూ) ఉంది. ప్రభుత్వ సైటులో ఉచితంగా ఉన్న పాఠ్యపుస్తకానికి ఫైలు బదులు ఆ సైటు లింకు పెట్టండి.

మన్యంకొండ ఫొటోస్:
పెండ్లి బరాత్‌ల డీజే పాటలకు లైసెన్సు కావాల్నా? వీడియో యూట్యూబ్‌ల పెడితే క్లెయిమ్ ఎందుకొస్తున్నది?

నల్లగొండ వకీలు:
సెక్షన్ 52(1)(జెడ్ఏ): నిజమైన మతపరమైన వేడుకల్లో పాట వాయించడం ఉల్లంఘన కాదు. పెండ్లి ఊరేగింపు, పెండ్లికి సంబంధించిన వేడుకలు అందులోకే వస్తాయని వివరణ ఉంది, 2023 జూలైలో కేంద్రం కూడా నోటీసు ఇచ్చి చెప్పింది. ఆ మినహాయింపు వేడుక వరకే. తర్వాత నెట్‌లో పెట్టేది వేరే పని. వీడియో ఇంటివాళ్లకు ఇచ్చేటప్పుడు అసలు ధ్వనితో ఇవ్వండి, చానల్‌లో పెట్టేదానికి సన్నాయి, డోలు, మంత్రాల ధ్వని విడిగా తీసి కలపండి. కురుమూర్తి, చెరువుగట్టు జాతరల్లో స్వామి ఊరేగింపుకు అదే మినహాయింపు. పక్కన టికెట్ పెట్టి చేసే ఆర్కెస్ట్రాకు లేదు.

దేవరకొండ దరువు:
ఇగ టెలిగ్రామ్‌ల మన పాట పెట్టినోన్ని ఆపుడెట్ల?

నల్లగొండ వకీలు:
ముందు రుజువు, తర్వాత ఫిర్యాదు. ఫిర్యాదు ముందు పెడితే వాడు చెరిపేసి మళ్లీ ఇంకో పేరుతో పెడతాడు, మీ దగ్గర ఏమీ మిగలదు. చానల్ లింకు, పోస్టు లింకు, సభ్యుల సంఖ్య, తేదీ కనపడే స్క్రీన్‌షాట్లు తీయండి. ఫైలు ఒకటి దించి దాని ఎస్‌హెచ్‌ఏ-256 విలువ (ఫైలు మారలేదని చూపే, వేలిముద్ర లాంటి అంకె) రాసుకోండి. కోర్టులో పెట్టాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు నింపాలి, ఆ విలువ అక్కడ అడుగుతారు.

టెలిగ్రామ్‌కు ఫిర్యాదు కాపీరైట్ నియమాలు, 2013లోని 75వ నియమం ప్రకారం రాయండి. మీ రచన ఏది, హక్కు మీదని ఎట్లా తెలుస్తుంది, కాపీ ఏ లింకులో ఉంది, అది సెక్షన్ 52 మినహాయింపుల్లోకి ఎందుకు రాదు, 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తెస్తామనే హామీ. ఇవన్నీ ఉంటే 36 గంటల్లో టెలిగ్రామ్‌వాళ్లు ఆ లింకును ఆపాలి. 21 రోజుల్లో ఉత్తర్వు రాకపోతే వాళ్లు మళ్లీ తెరవవచ్చు, కాబట్టి ఫిర్యాదు రోజే దావా కాగితాలు సిద్ధం చేసుకోండి. దావా హైదరాబాద్‌కు పోయే వేయాలని లేదు. హక్కుదారు ఉండే చోటి జిల్లా కోర్టులోనే సెక్షన్ 62 కింద వేసుకోవచ్చు.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, హక్కు దానివల్ల పుట్టదు. కానీ కోర్టులో తొలి రుజువుగా నిలుస్తుంది. ఫారం 14, ఆన్‌లైన్‌లోనే. సాహిత్యానికి, సంగీతానికి ఒక్కోదానికి ₹500, రికార్డింగ్‌కు ₹2,000. డైరీ నంబరు వచ్చాక అభ్యంతరాలకు 30 రోజులు ఆగుతారు. జానపద సాహిత్యాన్ని మీ పేరు మీద పెట్టొద్దు, రికార్డింగ్ ఒక్కటే పెట్టండి.

కిన్నెర తీగ:
పాడిన అవ్వలతోని కాగితం ఎట్ల రాయించుకోవాలె? చానా చానళ్లల్ల వాళ్లకు ఓ చీర పెట్టి పంపుతున్నరు. ఇది మంచిగ లేదు.

నల్లగొండ వకీలు:
నిజంగానే మంచిగా లేదు. ప్రదర్శకురాలి అనుమతి లేకుండా రికార్డు చేయడమే సెక్షన్ 38ఏ ఉల్లంఘన. పేరు వేయించుకునే హక్కు 38బీ కింద ఉంది. ఒప్పందంలో కాలం రాయకపోతే 5 ఏళ్లే లెక్క, చోటు రాయకపోతే భారతదేశం వరకే లెక్క. హక్కు రాయించుకుని ఏడాది దాకా వాడకపోతే, వేరే మాట రాసుకోకుంటే, అది తిరిగి వాళ్లకే పోతుంది. కొత్త చరణాలు కట్టిన అవ్వ అయితే సాహిత్యం రాబడిలో సగం వాటా హక్కును ఆమె వదులుకున్నట్టు రాసుకున్నా 2012 సవరణ తర్వాత అది చెల్లదు. నమూనా పెడుతున్నాను:

"______ గ్రామ నివాసిని ______ అను నేను, ______ తేదీన ______ పాట పాడినాను. ఆ రికార్డింగును ______ వారు యూట్యూబు, పాటల యాపులు, ఇంటర్నెట్టు ద్వారా ప్రపంచమంతట ______ సంవత్సరముల పాటు వినిపించుటకు ఒప్పుకొనుచున్నాను. నాకు ₹______ ముట్టినది. రాబడిలో నూటికి ______ వంతు ప్రతి ఆరు నెలలకు ఇయ్యవలెను. పాటతో పాటు నా పేరు, ఊరు రాయవలెను. నేను కట్టిన చరణముల మీద నా హక్కు నాకే ఉన్నది."

మిక్సింగ్ టేబుల్:
చదువు రానోళ్లు ఉంటే ఈ కాగితాన్ని మైకు ముంగటనే మొత్తం చదివి వినిపించి, "సమజైంది, ఒప్పుకున్న" అని ఆమె నోటితోనే రికార్డు చెయ్యాలె. వేలిముద్ర పక్కన ఆమె ఇంటి మనిషి ఒకరు, బయటి మనిషి ఒకరు సాక్షి సంతకం పెట్టాలె. కాగితం రెండు ప్రతులు, ఒకటి ఆమె చేతికే ఇయ్యాలె. ఆ ఆడియో ముక్కను పాట విడి ట్రాకులతో పాటు అదే ఫోల్డరుల పెట్టుండ్రి.